పొయ్యి మీద సైన్యం

కాపురానికి వచ్చిన రోజు ఆమె చేతిలో ఉన్న పెట్టుబడి ఒక్కటే, చూపు. ఇనుప సామాన్ల కొట్టులో తండ్రి గల్లాపెట్టె పక్కన పీట వేసుకుని పెరిగిన మనిషి. గడప దాటి లోపలికి వచ్చినవాడి చేతులు చూసి, వీడు కొంటాడా, ధర కనుక్కుని పక్క కొట్టుకి పోతాడా అని చెప్పేసేది. మేకుల పొట్లం అరచేతిలో పెట్టుకుని తూకంలో తేడా పట్టేసేది. తండ్రి పోయాక కొట్టు అన్నదమ్ములు పంచుకున్నారు. చూపులో ఎవరూ వాటా అడగలేదు కాబట్టి అది ఆమె వెంట వచ్చింది. తీరా వచ్చాక చూస్తే అత్తవారింట్లో ఆ సరుక్కి గిరాకీ లేదు. అక్కడ కావలసినవి చేతులు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆ చేతులు వంటగట్టు దగ్గర ఒక సైనికుడి మోకాలు అరగదీస్తున్నాయి. వేలెడంత సీసపు సైనికుడు. ఒక పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పక్క పొయ్యి మీద అడుగు నల్లబడిన ఇనప మూకుడులో, పొద్దున భర్త కరిగించగా మిగిలిన సీసం గడ్డకట్టి బూడిదరంగులో మెరుస్తోంది. గట్టు నిండా సైనికులే. బల్లెంవాడు, బాకా ఊదేవాడు, గుర్రం మీదవాడు, మోకాలి మీద కూర్చుని తుపాకీ గురిపెట్టినవాడు. అచ్చులోంచి వచ్చిన సైనికుడికి ఒళ్ళంతా అంచుల వెంట రేకులాగా సీసం కారి ఉంటుంది. దాన్ని కత్తెరతో తుంచి, ఆకురాయితో గీకి, నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, అడుగు రంగు పూయడం ఆమె వంతు. ఆ తర్వాత భర్త తన గదిలో దీపం పెట్టుకుని మీసాలూ పతకాలూ గీస్తాడు. బొమ్మ కాళ్ళ కింద పీట మీద తన పేరు చెక్కుకుంటాడు.

"ఇదీ ఒక పనేనా? కూర్చుని చేసేదేగా" అన్నాడు కొత్తలో. "టీవీ చూస్తూ కూడా చెయ్యొచ్చు" అన్నాడు ఆ తర్వాత. ఇప్పుడు ఏమీ అనడు. పళ్ళెంలో పోసి వంటగట్టు మీద పెట్టి వెళ్ళిపోతాడు, మాసిన బట్టలు బుట్టలో పడేసినట్టు.

బొమ్మ సైనికుల పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఏడాదికోసారి, శని ఆదివారాలు, సంఘం ఎవరో ఒకరి ఇంట్లో కూడుతుంది. ఈసారి ఈ ఇంట్లో. పాత అధ్యక్షుడు చూపు మందగించి తప్పుకుంటున్నాడు. ఆ కుర్చీ మీద భర్తకి ఎప్పటినుంచో కన్ను. అందుకే పది రోజులుగా ఇంట్లో దండయాత్రకి ముందు హడావుడి. పరదాలు ఉతికింది ఆమె. గాజు బీరువాలు తుడిచింది ఆమె. గిన్నెల కొట్టులో కౌంటరు దగ్గర ఉద్యోగం ఆమెకి, శనివారం సెలవడిగితే యజమాని, "మళ్ళీ బొమ్మల పండగా? మీ ఆయన ఆడుకోడానికి నా కౌంటరు ఖాళీ" అని నవ్వి, ఆ రోజు జీతం కోసుకుంటానన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే భర్త, "అదేమన్నా కలెక్టరుద్యోగమా, ఒకరోజు పోతే పోనీ" అన్నాడు.

వంటింటి కిటికీలు మూసి ఉన్నాయి. పోత పోసేటప్పుడు తెరవకూడదని ఆయన కట్టడి. గాలి తగిలితే సీసం అచ్చులో సగం దూరమే పారి గడ్డకడుతుందట, సైనికుడికి చెయ్యి ఉండదు, గుర్రానికి తోక ఉండదు. పెరట్లో మంచి రేకుల షెడ్డు ఉంది. అందులో ఎందుకు పోయరని ఆమె మొదట్లో ఓసారి అడిగింది. "అక్కడ గాలి. నా గదిలో అయితే పొగకి రంగులు మాడిపోతాయి. వంటింటికేం, ఎలాగూ పొగచూరేదేగా" అన్నాడు. పోసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటాడు, చేతులకి తోలు తొడుగులు వేసుకుంటాడు. "నాకు దుమ్ము పడదు" అంటాడు. పోత అయిపోగానే పెరటి కుళాయి దగ్గరికెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటాడు. శుభ్రం ఉన్న మనిషి అని అత్తగారు వచ్చినవాళ్ళందరితో చెప్పుకుంటుంది.

చెడిపోయిన సైనికులు పాపవి. చెయ్యి రానివాళ్ళు, మెడ వంకరవాళ్ళు, సగం పోతలో ఆగిపోయినవాళ్ళు అందరూ ఒక వెదురు బుట్టలోకి పోతారు. మంచివి ముట్టుకుంటే వీపు చిట్లుతుంది. చెడ్డవాటితో ఎంతసేపైనా ఆడుకోవచ్చు. పాప వంటగట్టు కింద కూర్చుని వాళ్ళని వరసపెట్టి బడి నడుపుతుంది, అల్లరి చేసినవాడి తలని పళ్ళతో కొరికి శిక్షిస్తుంది.

ఆ పాప గురించే ఆమెకి దిగులు. కొన్నాళ్ళుగా పిల్ల కడుపు నొప్పంటుంది. కంచం ముందు కూర్చోబెడితే రెండు ముద్దలు తిని పక్కకి నెట్టేస్తుంది. ఒకటో తరగతిలో చేరినప్పుడు గడగడా చదివిన అక్షరాల్లో కొన్ని ఇప్పుడు గుర్తుపట్టదు. టీచరు పిలిచి, "ఇంట్లో ఎవరూ చూడట్లేదా అమ్మా?" అంది, పదిమంది తల్లుల ముందు. డాక్టరు నులిపురుగులని మందిచ్చాడు. "బడి ఎగ్గొట్టే వేషాలు" అన్నాడు భర్త. "తల్లి గారాబం, అంతే" అంది అత్తగారు. పొద్దున్నే నిద్రలేపి చంకనెత్తుకున్నప్పుడల్లా ఆమె చేతికి మాత్రం వేరే సంగతి తెలుస్తోంది. మేకుల పొట్లంలో తేడా పట్టిన చెయ్యి అది, పాప విషయంలో పొరబడదు. పిల్ల తరిగిపోతోంది. ఎటు పోతోందో తెలియని సరుకులా, రోజూ కొంచెం కొంచెం తరిగిపోతోంది. ఈ రెండు రోజుల సందడి అయిపోగానే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని మనసులో గట్టిగా అనుకుంది. అనుకోవడం ఇది మొదటిసారి కాదు. ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒక సైన్యం అడ్డం వచ్చింది.

శనివారం పొద్దున వాళ్ళు వచ్చారు. ముందుగా కల్నల్. ఆయన జీవితంలో తుపాకీ పట్టింది లేదు, తపాలా ఆఫీసులో స్టాంపులు గుద్ది రిటైరయ్యాడు, మీసం చూసి సంఘంవాళ్ళు పెట్టిన పేరు. ఆయన వెంట భార్య, ఆమె చంకన ఇంకా సరిగా నడవడం రాని మనవరాలు. కూతురు ఊరెళ్ళిందట, పిల్లని వదిలే చోటు లేక తెచ్చారట. తర్వాత రక్తపరీక్షల ల్యాబ్ నడిపే ఒకాయన. ఆయన్ని అందరూ ల్యాబాయన అనే అంటారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగారు, అట్టపెట్టెల్లో దూది మధ్య సైనికుల్ని పడుకోబెట్టుకుని. చంటిపిల్లలకి కూడా అంత పొందిగ్గా పక్క వేయరు.

ఆమె టీ పెట్టింది. పెళ్ళినాటి కప్పులు తీసింది. పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళితే, "అయ్యో, మీకెందుకమ్మా శ్రమ" అన్నాడు కల్నల్, చెయ్యి అడ్డం పెట్టి. తన సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు. పక్కవాడూ అంతే. ల్యాబాయన నవ్వుతూ, "నాకు షుగరమ్మా, ఇంటినుంచే తెచ్చుకుంటా" అన్నాడు. మరొకాయనకి గ్యాస్, ఇంకొకాయన టీయే మానేశాడు. పళ్ళెం నిండుగా వెనక్కి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గరా అదే వరస. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడి వండిన గిన్నెలు మూతలు కూడా తీయకుండా ఉండిపోయాయి. అందరూ బాక్సులు తెచ్చుకున్నారు. పెరటి కుళాయి దగ్గర వరసగా నిలబడి, తమ సబ్బు తాము తీసుకుని, గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకుని, అరుగు మీద కూర్చుని తిన్నారు. వంటింటి గుమ్మంలోకి ఒక్కడూ అడుగుపెట్టలేదు.

"చూశావా, నీ వంట సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది" అంది అత్తగారు, ఆ గిన్నెల్లోంచే తన కంచంలో వడ్డించుకుంటూ. "ఇన్నేళ్ళుగా మింగుతున్నదాన్ని నేనొక్కదాన్నే."

వేరే రోజైతే ఆ మాట గుచ్చుకునేది. ఆ రోజు గుచ్చుకోలేదు. ఆమె ధ్యాస వేరేచోట ఉంది. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఒక నూనె వ్యాపారి ఉండేవాడు. మర్యాదస్థుడు, తూకం సరిగ్గా ఉండేది. ఒకరోజు అతని భార్య ఇంకో వీధిలో, ఇంకో కొట్టులో నూనె కొంటుండగా తండ్రి చూశాడు. ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న నూనె డబ్బా ఎత్తి కాలవలో పోసేశాడు. తల్లి లబోదిబోమంది. "ఆ నూనెలో ఏముందో నాకు తెలీదే. వాడికి తెలుసు. అది చాలు" అన్నాడు తండ్రి. ఆమె ఆ సంగతి ఎన్నో ఏళ్ళుగా తలుచుకున్నది లేదు. అరుగు మీద బాక్సులు విప్పుకున్న మగవాళ్ళ వరస చూస్తుంటే అది దానంతటదే పైకి తేలింది. మర్యాదకి తినకపోవడం వేరు. ఒకరికి ఆకలి లేకపోవచ్చు, ఒకరికి షుగరుండొచ్చు. ఒకే సరుకు వ్యాపారం చేసేవాళ్ళంతా కట్టగట్టుకుని ఒక ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టుకోలేదంటే, వాళ్ళకి ఆ సరుకు గురించి ఏదో తెలుసు.

కల్నల్ భార్య వీధి వరండాలో కూర్చుని ఉంది, మనవరాలిని ఒళ్ళోంచి దించకుండా. పిల్ల దిగుతానని గిలగిలా కొట్టుకుంటోంది.

"దించండి పిన్నిగారూ, మా పాప ఆడిస్తుంది. నేల పొద్దున్నే తుడిచాను."

"వద్దులేమ్మా. ఎత్తు అలవాటు దీనికి" అందామె. ఆ మాట అంటుండగానే పాప వెదురు బుట్టతో పరిగెత్తుకొచ్చింది. పసిది చెయ్యి చాపి మెడ వంకర సైనికుణ్ణి ఒకణ్ణి లాక్కుని నోటి దాకా తీసుకెళ్ళింది. పెద్దావిడ ఆ చిన్న చేతిని ఎంత గట్టిగా పట్టి లాగిందంటే పసిది కెవ్వుమంది. సైనికుణ్ణి మెట్ల మీదికి విసిరేసి, సీసాలో నీళ్ళు కుమ్మరించి ఆ వేళ్ళు ఒక్కొక్కటే కడిగింది. కడిగాక తలెత్తి చూసింది. పాప ఎప్పట్లాగే ఒక సైనికుడి తల పళ్ళ మధ్య పెట్టుకుని, ఎందుకింత గొడవా అన్నట్టు నిలబడి ఉంది.

"అమ్మాయ్" అంది పెద్దావిడ, గొంతు తగ్గించి. "మీ ఆయన సీసం ఎక్కడ కరిగిస్తాడు?"

"వంటింట్లో."

"అంటే, వేరే పొయ్యి మీదనా?"

"వేరే ఎక్కడుంటుంది పిన్నిగారూ, రెండు పొయ్యిల స్టవ్వేగా మాది."

పెద్దావిడ వీధిలోకి చూసింది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. "మా ఆయన పెరట్లో పోస్తాడు. షెడ్డులో. ఆ బట్టలతో ఇంట్లోకి రానివ్వను, ఆ బట్టలు నేను ఉతకను. సీసం విషమమ్మా. పొగా విషమే, పొడీ విషమే. పెద్దవాళ్ళని మెల్లగా తింటుంది, పిల్లల్ని తొందరగా తింటుంది. వీళ్ళలో తెలియనివాడు ఎవడూ లేడు. మీ ఇంటి సంగతి సంఘంలో ఓసారి వచ్చిందట కూడా. వంటింట్లో వద్దయ్యా అని మీ ఆయనకి అందరూ చెప్పారట."

"ఏమన్నారట ఆయన?"

"ఎందుకులే ఇప్పుడు."

"చెప్పండి. ఎలాగూ సగం చెప్పారు."

"మా ఆవిడకి అలవాటైపోయిందిలే, అన్నాడట."

ఆమె పాప నోట్లోంచి సైనికుణ్ణి తీసింది. లాక్కున్నా పిల్ల ఎదురు తిరగలేదు, ఈ మధ్య దేనికీ ఎదురు తిరగడం లేదు. చేతులూ మూతీ కడిగించి పొడి తువ్వాలుతో తుడుస్తుంటే హాల్లోంచి భర్త గొంతు వినబడింది. వచ్చే ఏడు ప్రదర్శనకి ఒక యుద్ధభూమి మొత్తం కట్టాలట, నదీ వంతెనా సహా. వెయ్యిమంది సైనికులు కావాలట. పోత అంతా ఇక్కడేనట. "మా ఇంట్లో మనుషులకేం కొదవండీ? మా ఆవిడ చెయ్యి తిరిగింది. ఈమధ్య పాప కూడా చెయ్యి కలుపుతోంది. రేపు పొద్దున వంటింట్లో పోత పోసి చూపిస్తా, మీరే చూడండి." చప్పట్లు వినబడ్డాయి. కల్నల్ చప్పట్లు కూడా అందులో ఉన్నాయి.

సాయంత్రం అందరూ బసలకి వెళ్ళాక, భర్త గాజు బీరువా దగ్గర నిలబడి గుర్రపు దళాన్ని సర్దుతుంటే అడిగింది. "సీసం పిల్లలకి మంచిది కాదటగా?"

"ఎవరు చెప్పారు? కల్నల్ పెళ్ళామా?" ఆయన తిరిగి చూడలేదు. "ఆవిడకి అన్నీ భయాలే. పదేళ్ళనుంచి చేస్తున్నా. నాకేమైంది? నా వంక చూడు, ఎక్కడైనా ఏమైనా ఉందా?"

ఆమె చూసింది. నిజమే, ఏమీ లేదు. నిగనిగలాడుతున్నాడు. "మరి పాపకి కడుపునొప్పి..."

"పాపకి కడుపునొప్పి సోమవారాలే వస్తుంది, ఆదివారాలు రాదు. గమనించావా ఎప్పుడైనా? రేపటికి మూకుడు తోమి పెట్టు. పక్క పొయ్యి మీంచి నీ అన్నం మెతుకులు చింది పడి ఉంటే సీసం చిటపటలాడుతుంది."

ఆయన గొంతులో బెదురు లేదు. సరుకు చెడిందని తెలిసి అమ్మేవాడి గొంతులో ఎంత దాచినా సన్నటి వణుకొకటి ఉంటుంది, అది ఆమెకి తెలుసు. ఇక్కడ అది లేదు. మనిషికి తెలియదేమో, మొండితనమేమో, వాళ్ళు చెప్పినా నమ్మలేదేమో అనుకుంది. అలా అనుకుంటే కొంత ఊపిరాడింది. తెలియని మనిషికి తెలియజెప్పొచ్చు. అయినా మూకుడు తోమలేదు. పాపని తన పక్కన పడుకోబెట్టుకుని, వెదురు బుట్ట అటక మీదికి విసిరేసింది.

ఆదివారం పొద్దున వంటింటి గుమ్మం బయట మగవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. ఒక్కడూ గడప దాటలేదు. అందరి జేబుల్లోంచీ మూతిగుడ్డలు వచ్చాయి. చెవులకి తగిలించుకుంటూ జోకులేసుకుంటున్నారు. "ఆపరేషన్ థియేటరులా ఉందయ్యా" అన్నాడొకడు. "పేషెంటు ఎవరో మరి" అన్నాడింకొకడు. లోపల భర్త తొడుగులు వేసుకుని, అచ్చులు వరసపెట్టి, గుడ్డ బిగించుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. అత్తగారు మూలన పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. పాప ఎప్పుడు దూరిందో గట్టు కింద దూరింది. ఆ వంటింట్లో మూతులకి ఏ అడ్డూ లేనివాళ్ళు ఆ ముగ్గురే, ఆమే, అత్తగారూ, పాపా. వాళ్ళని చూసి ఎవరికీ ఏమీ అనిపించినట్టు లేదు.

"పొయ్యి వెలిగించు. కిటికీ రెక్క ఇంకొంచెం నొక్కు" అన్నాడు భర్త.

ఆమె వెలిగించింది. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. సీసపు గడ్డ మూకుడులో మెల్లగా చెమట పట్టి, అంచులు జారి, అద్దంలా అయింది. గుమ్మంలో ల్యాబాయన అందరికంటే ముందు నిలబడ్డాడు. సరదా మనిషి. ఇంటి ఇల్లాలిని పలకరించకుండా నిలబడటం మర్యాద కాదనుకున్నాడు కాబోలు.

"మీ ఆయన గట్టివాడమ్మా" అన్నాడు, మూతిగుడ్డ వెనకనుంచే. "ఇంత సీసంతో పనిచేస్తాడా, ఏటా వచ్చి రక్తం ఇచ్చి వెళ్తాడు, సీసం ఎంతుందో చూడమని. ఒక్కసారి కూడా ఎక్కువ రాలేదు. మొన్న మొన్ననే చూశాం. జాగ్రత్తంటే ఆయనదే. అవునూ, మీదీ పాపదీ ఎక్కడ చూపిస్తున్నారు? పెద్దాసుపత్రిలోనా? మా దగ్గరికి ఆయన ఒక్కడే వస్తాడు."

కత్తిపీట మీద అత్తగారి చెయ్యి ఆగింది. కల్నల్ తన పాదాలవైపు చూసుకున్నాడు. ల్యాబాయనకి తానేదో తప్పు మాట్లాడానని అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు.

"పోత మొదలెడదాం" అన్నాడు భర్త. "సీసం సరిగ్గా పాకంలో ఉంది."

ఆ మాటల్లో ఆమెకి కావలసిన వణుకు వినబడింది, నిన్న వినబడనిది. మనిషికి తెలుసు. ఏటా తెలుసు. ఏటా చొక్కా చెయ్యి పైకి మడిచి, సూది గుచ్చించుకుని, తనకేం లేదని నిర్ధారణ చేసుకుని, ఇంటికొచ్చి ఈ పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఆ దారిలో ఒక్కసారైనా వీళ్ళ రక్తం కూడా ఎర్రగానే ఉంటుందని గుర్తొచ్చి ఉంటుందా? వచ్చే ఉంటుంది. చూపిస్తే ఏదో ఒకటి తేలుతుంది. తేలితే పోత ఆపాలి. చూపించకపోతే ఏమీ తేలదు. చెడ్డ సరుకు మూట విప్పకుండా ఉంచడం వ్యాపారంలో పాత పద్ధతే. ఆ మూటలో ఉన్నది తనూ పాపా.

ఆమె పొయ్యి కట్టేసింది. వంగి గట్టు కిందనుంచి పాపని చెయ్యి పట్టి లేవదీసింది.

"మీ ల్యాబ్ ఇవాళ తెరిచి ఉంటుందాండీ?" అంది ల్యాబాయనతో.

"ఉంటుందమ్మా, మధ్యాహ్నం దాకా. కుర్రాళ్ళుంటారు. ఎందుకూ..."

"అయితే ఒకసారి పదండి. మా ఇద్దరి రక్తం తీయాలి."

"ఇప్పుడా?" భర్త మూతిగుడ్డ కిందికి లాగాడు. "నీకు మతి పోయిందా? ఇంతమంది పెద్దమనుషులు నిలబడి ఉంటే? రేపు తీసుకెళ్తాను, నేనే తీసుకెళ్తాను. ముందు పొయ్యి వెలిగించు, సీసం గడ్డకట్టిపోతోంది."

"గడ్డకట్టనివ్వండి."

"చూడు, నవ్వులపాలు చెయ్యకు."

గుమ్మంలో ఎవరూ నవ్వడం లేదు. దారి ఇచ్చారు. మనుషులు అంత తొందరగా పక్కకి జరగడం ఆమె ఆ ఇంట్లో అదే మొదటిసారి చూడటం. హాలు దాటి, సైనికుల బల్లలు దాటి, వీధి గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగా వెనక పీట జరిపిన చప్పుడైంది. కీళ్ళ నొప్పుల మనిషి, లేవడానికి రెండుసార్లు ఊగింది.

"ఒరేయ్" అంది అత్తగారు. "నాదెప్పుడు చూపించావురా?"

"అమ్మా, నువ్వు ఊరుకో. నీకిప్పుడు ఈ వయసులో..."

"ఈ వయసులో రక్తం ఉండదా? ఈ వంటింట్లో నేను తినట్లేదా? నా చేతులు వణుకుతున్నాయిరా అంటే ముసలితనం అన్నావు. అవునులే అనుకున్నాను, కన్నకొడుకువి, నీకు తెలియదా అనుకున్నాను." కొంగు నడుముకి బిగించి గుమ్మంలోకి వచ్చింది. కోడలి వంక చూడకుండానే, "నా చెప్పులు ఎక్కడ పెట్టావే? ఈ ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండదు" అంది.

ల్యాబాయన కదల్లేదు, తన కుర్రాళ్ళకి ఫోను చేసి చెప్పాడు. ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. దారంతా అత్తగారు ఒక్కటే అంది, అదీ బయటికి చూస్తూ. "నన్నూ లెక్కలో వెయ్యలేదే వాడు."

ల్యాబులో రబ్బరు పట్టీ పాప చేతికి రెండు చుట్లు తిరిగింది. సూది గుచ్చితే పిల్ల ఏడవలేదు. సూదికి ఏడవని పిల్లని ఆమె ఒళ్ళోకి లాక్కుంది. అత్తగారు మాత్రం, "ఇంత లావు సూదా? పశువులకి వాడేదా?" అని కుర్రాణ్ణి అదరగొట్టి, చెయ్యి ఇచ్చి, కళ్ళు మూసుకుని కోడలి భుజం గోళ్ళు దిగేలా పట్టుకుంది.

ఫలితాలు వచ్చాక పెద్ద డాక్టరు ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. అత్తగారిది ఎక్కువ. ఆమెది ఇంకా ఎక్కువ. పాపది చెప్పేటప్పుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మూర్ఛలు మొదలయ్యేవన్నాడు. మందు ఉంది, పనిచేస్తుంది, ఆ ఇంట్లో ఉంచి మందిస్తే మాత్రం పనిచేయదన్నాడు. నేలలో, గోడల్లో, పరుపుల్లో ఆ పొడి ఉంటుందన్నాడు. "పోయింది వెనక్కొస్తుందా?" అని ఆమె సూటిగా అడిగింది. "కొంత వస్తుంది. ఏది వస్తుందో, ఏది రాదో ఇప్పుడు చెప్పలేను. పిల్ల ఎదిగేకొద్దీ తెలుస్తుంది" అన్నాడు.

అటునుంచి అటే గిన్నెల కొట్టుకి వెళ్ళి యజమానిని గది ఒకటి చూపించమని అడిగింది. ఈసారి ఆయన నవ్వలేదు, గది చూపించాడు. పాత ఇంటినుంచి ఒక్క గిన్నె తెచ్చుకోలేదు, ఒక్క దుప్పటి తెచ్చుకోలేదు. కల్నల్ భార్య ఫోను చేసింది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఆదివారం ఏమైందో చెప్పింది. పొయ్యి మళ్ళీ వెలిగించారట. పోత బ్రహ్మాండంగా వచ్చిందట. సాయంత్రానికి అధ్యక్షుడిగా భర్తనే ఎన్నుకున్నారట, ఒక్కరు కూడా కాదనలేదట. "మా ఆయన కూడా చెయ్యెత్తాడమ్మా" అని ఫోన్లో ఏడ్చింది. తర్వాత భర్త కూడా ఫోను చేశాడు. అమ్మని పంపించు, ఇల్లు చూసుకునేవాళ్ళు లేరన్నాడు. అత్తగారు ఫోను అందుకుని, "నాకు ఇక్కడ అలవాటైపోయిందిలేరా" అని పెట్టేసింది.

ఇక మొత్తం లెక్క చూసుకుంటే నష్టం పెద్దదే. ఇల్లు పోయింది. ఏళ్ళ తరబడి అరగదీసిన సైన్యానికి కూలి రాలేదు, రాదు. పాప మళ్ళీ ఒకటో తరగతే చదువుతోంది. అక్షరాలు కొన్ని వెనక్కి వచ్చాయి, కొన్నింటి దగ్గర పిల్ల ఇప్పటికీ ఆగి తల్లి ముఖంలోకి చూస్తుంది. ఆ చూపు ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. అత్తగారి చేతి వణుకు తగ్గలేదు, నోరు మాత్రం అస్సలు తగ్గలేదు, కూరలో ఉప్పు చాలలేదంటూనే కంచం ఖాళీ చేస్తుంది. ఇవన్నీ ఒకవైపు. నిన్న సాయంత్రం పాప బడినుంచి వచ్చి, సంచి గోడవారన పడేసి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది.

వచ్చిన లాభం అదొక్కటే. ఆమె చేస్తున్న పని ఆపి, సరిగ్గా విన్నానో లేదోనని, "ఏమన్నావ్?" అని ఇంకోసారి అనిపించుకుంది.